ఓడినవాళ్ల బెంచీ నుంచి స్పీకర్ ఎలా కనిపిస్తారు? హనుమకొండ మాక్ పార్లమెంటు – ఒక కేస్ స్టడీ

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో పదేళ్లుగా రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. ప్రతి ఏడాదీ రెండో సంవత్సరం పిల్లలతో మాక్ పార్లమెంటు పెట్టిస్తాను. ప్రధాని, ప్రతిపక్ష నేత, మంత్రులు, మార్షల్స్, అన్నీ ఉంటాయి. ఒక ఏడాది ఆ సభ వాకౌట్‌తో ముగిసింది. నటనగా చేసిన వాకౌట్ కాదు, నిజంగానే కోపమొచ్చి లేచిపోయారు. రెండు రోజులు క్లాసులో ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పన్నెండు రోజుల తర్వాత అదే బిల్లుతో, అదే పిల్లలతో, అదే స్పీకర్‌తో సభను మళ్లీ నడిపాం. ఆ రెండు సభల మధ్య ఏం మారిందో ఇక్కడ రాస్తున్నాను. పౌరశాస్త్రం చెప్పే టీచర్లకు, మాక్ పార్లమెంటులు నడిపేవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

బిల్లు, సభ్యులు

లోక్‌సభలో ఉన్నట్టు 543 మందిని ఎక్కడి నుంచి తెస్తాం? మాకున్నది స్పీకర్ కాక 52 మంది. అధికార పక్షంలో 28, ప్రతిపక్షంలో 24. బిల్లును పిల్లలే ఎంచుకున్నారు. డిగ్రీలో 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వకూడదు, స్కాలర్‌షిప్ కూడా ఆపాలి, దేశమంతటా ఇదే పద్ధతి ఉండాలి అన్నది బిల్లు. "చదువు రాష్ట్రాల విషయం కదా మేడమ్, పార్లమెంటు ఎట్ల చేస్తది?" అని ఒక అబ్బాయి మొదటిరోజే పట్టుకున్నాడు. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల విషయాల్లోకి, వచ్చిందని చెప్పాల్సి వచ్చింది. అలాంటి ప్రశ్న వస్తే నాకు ఆ రోజంతా హుషారుగా ఉంటుంది.

ఈ బిల్లు పిల్లల బతుకులకు గట్టిగా తగిలేది. పరకాల, నర్సంపేట వైపు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు కొందరు. రాత్రిళ్లు ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు పోయి పొద్దున క్లాసులో నిద్రపోయేవాళ్లు కొందరు. హాస్టల్లో ఉండి రోజూ వచ్చేవాళ్లు కొందరు. కాబట్టి మాటలు స్క్రిప్టు దాటిపోతాయని నాకు ముందే తెలుసు. ఆ ఏడాది నేను స్క్రిప్టు ఇవ్వకపోవడానికి కారణం కూడా అదే.

స్పీకర్‌గా ఒక అమ్మాయిని ఎన్నుకున్నారు. పరకాల దగ్గరి పల్లె. గొంతు గట్టిది, ఎవరికీ భయపడదు. ఆ కుర్చీ మనకు దూరమైనదేమీ కాదని ఆమెకు మొదటే చెప్పాను. మంథని నుంచి గెలిచిన దుద్దిళ్ల శ్రీపాదరావు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి స్పీకర్‌గా చేశారు. నిజామాబాద్ జిల్లా నుంచి కె.ఆర్. సురేశ్‌రెడ్డి చేశారు. తెలంగాణ వచ్చాక మొదటి స్పీకర్ మా భూపాలపల్లి ఎమ్మెల్యే మధుసూదనాచారి, ఆ తర్వాత బాన్సువాడ నుంచి పోచారం శ్రీనివాసరెడ్డి. ఢిల్లీకి వెళ్తే అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి, బాలయోగి, ముగ్గురూ తెలుగు నేల నుంచి వెళ్లి లోక్‌సభ నడిపినవాళ్లే.

శిక్షణ అంతా కలిపి మూడు సాయంత్రాలు. ఆ మూడు సాయంత్రాల్లో నేను ఆమెకు చెప్పినదంతా స్పీకర్ అధికారాల గురించే. సభలో లేచి నిలబడితే మిగతావాళ్లు కూర్చోవాలి. మాట వినని సభ్యుడిని లోక్‌సభ 373వ నిబంధన కింద బయటికి పంపొచ్చు. 374 కింద సభ తీర్మానంతో సస్పెండ్ చేయొచ్చు. వెల్‌లోకి, అంటే స్పీకర్ కుర్చీ ముందున్న ఖాళీ జాగాలోకి, దూసుకొచ్చినవాళ్ల పేరు స్పీకర్ చదివితే చాలు, వరుసగా అయిదు సమావేశాలు, లేదా సెషన్‌లో మిగిలిన రోజులు, ఏది తక్కువైతే అన్ని రోజులు దానంతట అదే సస్పెన్షన్ పడే 374ఎ నిబంధన 2001లో వచ్చింది. మాటలను రికార్డుల నుంచి తొలగించొచ్చు. ఇవన్నీ నిజమే. కానీ అది సగం పాఠం. మిగతా సగం నేను చెప్పలేదు. ఆ తప్పు నాదేనని ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదాన్ని ఆ అమ్మాయి మీదికి నెట్టడం అన్యాయం.

మొదటి సభ

సెమినార్ హాల్లో పెట్టాం. లోక్‌సభలో స్పీకర్‌కు కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం కూర్చుంటాయి. మేమూ అలాగే వేశాం. అయితే మా హాలు ఒక పక్క పొడవు, ఒక పక్క పొట్టి. స్పీకర్ కుర్చీ పడిన చోటు నుంచి అధికార పక్షం పది అడుగుల దూరంలో ఉంది. ప్రతిపక్షం వెనక గోడ దాకా పోయింది, వాళ్ల నెత్తి మీద పాత సీలింగ్ ఫ్యాను గరగరమంటూ తిరుగుతోంది. కార్డ్‌లెస్ మైకు ఒక్కటే. అది ఎక్కువసేపు మంత్రుల చేతిలో ఉండిపోయింది.

చర్చ బాగానే సాగింది. క్యాటరింగ్‌కు పోయే అబ్బాయి ఒకడు ప్రతిపక్షం నుంచి లేచి, "అధ్యక్షా, నా ఫీజు నేనే కట్టుకుంట. నాకు 75 శాతం హాజరు కావాల్నంటే ముందు నాకు 75 శాతం ఫీజు ఇప్పించున్రి" అన్నాడు. హాలంతా చప్పట్లు. స్పీకర్ గంట కొట్టింది. అతను ఆగలేదు. ఆమె మళ్లీ కొట్టింది, మైకు వెనక్కి తీసుకోమంది.

ఆఖర్న ఓటింగ్ వచ్చింది. టైమ్ అయిపోతోంది, పరకాల బస్సు ఎక్కాల్సిన పిల్లలు గడియారం చూస్తున్నారు. స్పీకర్ మూజువాణి ఓటుకు పెట్టింది. అనుకూలంగా ఉన్నవాళ్లు 'అవును' అనండి అంది, అన్నారు. వ్యతిరేకించేవాళ్లు 'కాదు' అనండి అంది, అన్నారు. "అవును అన్నవాళ్లే ఎక్కువ, బిల్లు ఆమోదం పొందింది" అని ప్రకటించింది. వెనక నుంచి "డివిజన్! డివిజన్!" అని అరుపులు. డివిజన్ అంటే ఎటు ఎంతమందో ఓట్లు లెక్కపెట్టడం. ఆమె వినిపించుకోలేదు. సభ నిరవధికంగా వాయిదా అని గంట కొట్టేసింది. 24 మందీ లేచి వెళ్లిపోయారు. వాళ్ల వెనకాలే అధికార పక్షం నుంచి ముగ్గురు వెళ్లిపోయారు. నేను అప్పుడు గమనించిన అసలు సంగతి ఆ ముగ్గురే.

ఆ తర్వాత రెండు రోజులు

ముందు ఫోన్లో తీసిన వీడియో కూర్చుని చూశాను. అధికార పక్షం మాట్లాడింది 31 నిమిషాలు, ప్రతిపక్షం 14. ప్రతిపక్ష నేత మాట్లాడుతుండగా స్పీకర్ ఏడుసార్లు ఆపింది. ప్రధానిని రెండుసార్లు. అమ్మాయికి ఈ అంకెలు చూపిస్తే ఆమె ముఖం వాడిపోయింది. "మేడమ్, నాకు ఏది ఎక్కువ వినపడితె అదే చెప్పిన. అబద్ధం చెప్పలే" అంది.

ఆ మాట నిజం. ఆమె కుర్చీలో నేను కూర్చుని, వెనక వరుసలో ఇద్దరిని నిలబెట్టి 'కాదు' అనిపించాను. ఫ్యాను చప్పుడులో సగం కలిసిపోయింది. ముందు వరుసలో ఒక్కడు 'అవును' అంటే గంట మోగినట్టు వినపడింది. మూజువాణి ఓటులో గొంతులు కొలుస్తాం, తలలు కాదు. దగ్గర కూర్చున్నవాడి గొంతుకే బలం. ఈ సంగతి ఇన్నేళ్లూ పుస్తకంలోంచి చెప్పాను. ఆ రోజు నా చెవులతో విన్నాను.

తర్వాత 52 మందికీ చిన్న చీటీలు ఇచ్చి, పేరు రాయకుండా, బిల్లుకు అనుకూలమో వ్యతిరేకమో రాయమన్నాను. అనుకూలం 24, వ్యతిరేకం 26, ఏదీ రాయనివాళ్లు ఇద్దరు. అంటే అధికార పక్షంలో కొందరు లోపల ఈ బిల్లుకు వ్యతిరేకులే. డివిజన్ జరిగి ఉంటే వాళ్లంతా విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని, కాదని ఓటేసేవాళ్లని నేను చెప్పలేను. చీటీ వేరు, అందరి ముందు లేచి నిలబడటం వేరు. అయినా స్పీకర్ "ఎక్కువ" అని ప్రకటించిన ఫలితం ఆ గదిలో ఉన్న మనసుల లెక్కకు సరిపోలేదు.

ప్రతిపక్ష నేతగా చేసిన అబ్బాయిని పిలిచి అడిగాను, ఎందుకంత కోపం అని. "ఓడిపోతే ఓడిపోతం మేడమ్. లెక్కపెట్టి ఓడగొట్టమనున్రి" అన్నాడు. ఈ కేసు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

పార్లమెంటు నిబంధనలు చెప్పేది కూడా ఇదే. లోక్‌సభ 367వ నిబంధన ప్రకారం స్పీకర్ మూజువాణితో తన అభిప్రాయం మాత్రమే చెబుతారు. దాన్ని ఎవరైనా సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయించాలి. మూడున్నర నిమిషాల తర్వాత ప్రశ్నను రెండోసారి సభ ముందు పెట్టాలి. అప్పటికీ ఒప్పుకోకపోతే డివిజన్. ఊరికే డివిజన్ అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపించినా, సభ్యులను ఉన్నచోటే లేచి నిలబడమని లెక్క పెట్టి ఫలితం చెప్పొచ్చు. ఎటు పోయినా లెక్క తప్పదు. ఈ చివరి ముక్క నేను ఆమెకు నేర్పలేదు.

పిల్లలతో కూర్చుని నిజమైన సంఘటనలు చదివాం

2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో రెండు వ్యవసాయ బిల్లులు మూజువాణి ఓటుతో ఆమోదం పొందాయి. ప్రతిపక్షాలు డివిజన్ అడిగాయి. అడిగేవాళ్లు తమ తమ స్థానాల్లో ఉండి అడగాలని డిప్యూటీ చైర్మన్ అన్నారు. సభ అల్లకల్లోలమైంది. మర్నాడు ఎనిమిది మంది సభ్యులను సస్పెండ్ చేశారు. 2021 నవంబర్ 29న ఆ చట్టాలనే పార్లమెంటు రద్దు చేసింది. ఆ రద్దుకు కారణం రోడ్ల మీద రైతులు చేసిన పోరాటం, డివిజన్ గొడవ ఒక్కటే కాదు. కానీ ఆ రోజు లెక్క పెట్టి ఉంటే, కనీసం ఆ ఒక్క ఫిర్యాదు మిగిలేది కాదు.

ఇక రెండోది, నేను చెప్పడానికి తటపటాయించినది. 2014 ఫిబ్రవరి 18. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో ఆమోదం పొందిన రోజు. నేనప్పుడు కాకతీయ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. అంతకు అయిదు రోజుల ముందు, 13న, సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు, ఎంపీలు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. 18న మీరా కుమార్ స్పీకర్‌గా ఉండగా బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. మేం అప్పుడు ఏడ్చాం, నవ్వాం, రంగులు చల్లుకున్నాం. ఉద్యమంలో చనిపోయిన పిల్లల ఫొటోలకు దండలు వేశాం. డివిజన్ జరిగిందా లేదా అన్న ఆలోచనే నాకు రాలేదు.

తెలంగాణ రావడం న్యాయం. అందులో నాకు ఆ రోజూ ఈ రోజూ రవ్వంత సందేహం లేదు. ప్రధాన ప్రతిపక్షం కూడా మద్దతిచ్చిన బిల్లు అది, లెక్క పెట్టినా నెగ్గేదనే నా నమ్మకం. అందుకే అంటున్నాను: నెగ్గే బిల్లుకు లెక్క పెడితే పోయేదేముంది? ఓడినవాళ్లు ఈనాటికీ "తలుపులు మూసి చేశారు" అంటూనే ఉన్నారు. నలభై ఏళ్లకు పైగా కొట్లాడి సాధించుకున్నదానికి ఆ మాట అంటకుండా ఉంటే బాగుండేది. క్లాసులో ఇది చెప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లలు నా వైపు గుర్రుగా చూశారు. ఒకడైతే "మేడమ్, ఆ గొడవల్లో డివిజన్ ఎట్ల పెడ్తరు?" అని అడిగాడు. సరైన ప్రశ్నే. వెల్ నిండా జనం ఉంటే, స్ప్రేలు కొడుతుంటే, లెక్కపెట్టడానికి సభ ఎక్కడుంది? స్పీకర్ కుర్చీకి అతి కష్టమైన ఘడియ అదే. లెక్క పెట్టడానికి సభ కుదురుగా ఉండాలి. సభ కుదురుగా ఉండాలంటే లెక్క సరిగ్గా పెడతారన్న నమ్మకం ముందే ఉండాలి. ఆ నమ్మకాన్ని ఓటింగ్ రోజున పుట్టించలేం.

మూడోది 1999 ఏప్రిల్ 17. వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటు తేడాలో పడిపోయింది. ఒడిశా ముఖ్యమంత్రి అయినా అప్పటికింకా లోక్‌సభ సభ్యత్వం వదలని గిరిధర్ గమాంగ్ ఓటేయొచ్చా లేదా అన్న వివాదం వచ్చింది. స్పీకర్ బాలయోగి దాన్ని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. పిల్లలను ఒక లెక్క వేయమన్నాను: ఆ ఓటు లేకపోతే? 269–269. రాజ్యాంగం 100వ అధికరణ ప్రకారం స్పీకర్ మొదట ఓటు వేయరు, సమానమైతే మాత్రం నిర్ణాయక ఓటు వేస్తారు. అంటే దేశ ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నది కోనసీమ నుంచి వెళ్లిన ఒక్క మనిషి చేతిలో పడేది. గమాంగ్‌ను ఆపి ఉంటే బాలయోగి పార్టీ తెలుగుదేశం మద్దతిస్తున్న ప్రభుత్వం నిలబడే దారి దొరికేది. ఆయన ఆపలేదు. మా స్పీకర్ అమ్మాయి ఇది విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పార్టీ సంగతి కూడా వచ్చింది. 1967లో స్పీకర్ కాగానే నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆ బాట ఆచారంగా నిలవలేదు. బ్రిటన్‌లో స్పీకర్ పార్టీని వదిలేస్తారు, మళ్లీ ఎన్నికల్లో నిలబడితే పెద్ద పార్టీలు మామూలుగా పోటీ పెట్టవు. మన దగ్గర స్పీకర్ మళ్లీ టికెట్ కోసం పార్టీ దగ్గరికే పోవాలి. పైగా 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ఫిరాయింపులపై తీర్పు చెప్పే పనిని కూడా ఆ కుర్చీకే అప్పగించింది. ఆ తీర్పును కోర్టులు సమీక్షించవచ్చని 1992లో కిహోతో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన పది మంది తెలంగాణ ఎమ్మెల్యేలపై ఉన్న అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న అదే కోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. మా పక్కనే ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యే పేరు కూడా ఆ జాబితాలో ఉంది. నా మటుకు ఈ పని స్పీకర్ నుంచి తీసేసి వేరే స్వతంత్ర వ్యవస్థకు ఇవ్వాలి. న్యాయమూర్తిగా, పార్టీ మనిషిగా, సభకు పెద్దగా మూడు పాత్రలు ఒకే ఒంటి మీద వేస్తే ఏదీ నిలబడదు.

రెండో సభకు ముందు

మార్పులు నేను చెప్పినవి కొన్నే, ఆమె తెచ్చినవే ఎక్కువ. కుర్చీని హాలు మధ్యకు జరిపించింది. రెండు మైకులు అడిగింది, ఒకటి దొరికింది, రెండోది పక్క డిపార్ట్‌మెంట్ నుంచి అడిగి తెచ్చింది. అధికార పక్షానికి 25 నిమిషాలు, ప్రతిపక్షానికి 22 అని బలాబలాల ప్రకారం లెక్క కట్టి బోర్డు మీద రాసింది. ప్రతిపక్షం నుంచి ఒక అబ్బాయిని డిప్యూటీ స్పీకర్‌గా పెట్టమని పట్టుబట్టింది. డిప్యూటీ స్పీకర్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఒక మంచి ఆనవాయితీ, రాజ్యాంగంలో ఆ షరతు లేదు. వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని మాత్రం 93వ అధికరణ చెబుతుంది. 17వ లోక్‌సభ అయిదేళ్లూ డిప్యూటీ స్పీకర్ లేకుండానే గడిచిపోయింది. "మన సభలో ఖాళీ ఉండొద్దు మేడమ్" అంది ఆమె.

అన్నింటికంటే విలువైనది ఆమె ఇంటి నుంచి తెచ్చింది. "మా తాత ఊర్ల పంచాయితీలు చెప్పేటోడు మేడమ్. తీర్పు చెప్పే ముందు రెండు దిక్కులా అడిగేటోడంట, నీ మాట అయిపోయిందా, ఇంకేమన్న ఉన్నదా అని. ఓడిపోయేటోన్ని రెండుసార్లు అడిగేటోడంట." ఊరి పంచాయితీలన్నీ న్యాయంగా జరిగాయని నేననను. ఆడవాళ్ల మాట, కింది కులాల మాట వినని పంచాయితీలు ఎన్నో. కానీ ఆ ఒక్క పద్ధతి మాత్రం ఏ సభకైనా అవసరమైనదే.

రెండో సభ

ఈసారి గంట తక్కువ మోగింది. ప్రతిపక్ష నేతను రెండుసార్లు ఆపింది, ప్రధానిని మూడుసార్లు. పనిచేసుకుంటూ చదివే పిల్లలకు హాజరు 60 శాతం చాలని ప్రతిపక్షం సవరణ పెట్టింది. "నీ మాట అయిపోయిందా, ఇంకేమైనా ఉందా?" అని సవరణ పెట్టిన అబ్బాయిని స్పీకర్ అడిగింది. అతను ఒక్క క్షణం తెల్లబోయి, "అయిపోయింది అధ్యక్షా" అన్నాడు. మూజువాణికి పెట్టింది, డివిజన్ అడిగారు, వెంటనే ఇచ్చింది. సవరణకు అనుకూలం 29, వ్యతిరేకం 22, ఒకరు తటస్థం. ఆ తర్వాత సవరించిన బిల్లు 31–20తో ఆమోదం పొందింది, ఒకరు తటస్థం. ఓడిన 20 మందిలో కొందరు హాజరు నిబంధనే వద్దన్నవాళ్లు, కొందరు సవరణ నచ్చని అధికార పక్షం వాళ్లు. ఎవరూ లేచి వెళ్లలేదు. జనగణమన అయ్యేదాకా నిలబడ్డారు.

ఇదంతా స్పీకర్ వల్లే అని చెప్పలేను. సవరణ నెగ్గడం కూడా కోపాన్ని చల్లార్చింది. ఒకసారి గొడవపడ్డ పిల్లలు రెండోసారి జాగ్రత్తగా ఉంటారు. కానీ సభ అయ్యాక ఓడినవాళ్లను విడివిడిగా అడిగితే 20 మందిలో 17 మంది "స్పీకర్ సరిగ్గానే చేసింది" అన్నారు. మొదటి సభ తర్వాత ఇదే ప్రశ్న ప్రతిపక్షాన్ని అడిగితే 24 మందిలో అలా అన్నవాళ్లు ఇద్దరే.

నాకు ఇంకా తేలని విషయం సస్పెన్షన్. 2023 డిసెంబర్‌లో రెండు సభల్లో కలిపి 146 మంది ఎంపీలను సస్పెండ్ చేశారు. అన్ని ఖాళీ బెంచీల మధ్య స్పీకర్‌కు ఏ లెక్క మిగులుతుంది? అట్లాగని వెల్‌లో పేపర్లు చించి విసిరేవాళ్లను ఏం చేయాలి? మా రెండో సభలో అలాంటి పరిస్థితి రాలేదు, కాబట్టి మా స్పీకర్ దాన్ని ఎలా దాటేదో తెలియదు. వచ్చే బ్యాచ్‌తో కావాలని ఆ పరిస్థితి తెప్పించి చూడాలనుకుంటున్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు కాకతీయ యూనివర్సిటీలో పీజీ చేస్తోంది. పోతూ పోతూ తర్వాతి స్పీకర్ కోసం ఒక కాగితం రాసి నా టేబుల్ మీద పెట్టింది. డివిజన్ అడిగితే కాదనొద్దు, టైమ్ లేదని చెప్పొద్దు, బస్సు పోతే పోనీ అని ఉంది అందులో. అన్నింటికంటే పైన, రెండుసార్లు గీత గీసి రాసింది: ఓటింగ్ పెట్టే ముందు ఫ్యాన్లు బంద్ చేయించు.